ఆటల కంప్యూటరు – ఇంటి పద్దు

చెన్నపట్టణమున రిచీ వీథిలో కంప్యూటరు విడిభాగముల దుకాణములు పెక్కు గలవు. మనుమడు ఆటల కంప్యూటరు కోరగా, పింఛను సొమ్మునుండి 80,000 రూపాయలు కేటాయించి, వానితో కూర్చుండి మేము పద్దు వ్రాసితిమి.

ఆటలకు ప్రాణము గ్రాఫిక్సు కార్డు; కావున మొత్తములో మూడవ వంతు దానికే విడిచితిమి. ప్రాసెసరునకు ఆరు కోర్లు చాలును. 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్టుగల మదరుబోర్డైనచో, మున్ముందు ప్రాసెసరును మాత్రమే మార్చుకొన వీలగును. 16 జీబీ ర్యామును ఒకటిగా గాక, 8 జీబీవి రెండుగా అమర్చిన, సమాచారము రెండు మార్గముల నడచి వేగము హెచ్చును. రంగుదీపముల పెట్టెను విడనాడితిమి. పవరు సప్లయి విషయమున మాత్రము లోభము తగదు. నాసిరకపుది చెడిన, తక్కిన భాగములను గూడ చెఱుపవచ్చును.

“తాతా, దీపాలు లేకుంటే అందమేముంది?” అని వాడడిగెను. “అందము ఆటలో నుండును గదా, నాయనా!” అంటిమి.

వీథిలో తమిళము, బడిలో ఆంగ్లము పలుకు బాలుడు బేరము, మన్నిక, పొదుపు అను మాటలను ఆ పూట మాతో తెలుగున పలికెను. మన యిండ్లలో తెలుగు పండుగనాటి పలుకుగా మాత్రమే మిగులరాదన్నచో, పిల్లలు మనసుపడిన వస్తువును గూర్చియే వారితో తెలుగున లెక్క వేయవలెను.