మూడేళ్ళ జాడీలు

పాతబడేకొద్దీ విలువ పెరిగేవి లోకంలో ఎన్నో లేవు. బియ్యం ఒకటి, ఆవకాయ ఒకటి. ఆడవాళ్ళం ఆ జాబితాలో లేమని వేరే చెప్పాలా!

ఫ్రాన్సు దేశంలో మాత్రం ఎర్ర వైన్‌కి ఈ మర్యాద దక్కింది. బర్గండీ అనే ప్రాంతంలో ఎర్ర వైన్ దాదాపు అంతా ‘పినో న్వార్’ అనే ఒక్క రకం ద్రాక్షతోనే చేస్తారట. అక్కడ క్లో ద వూజో అని, చుట్టూ రాతిగోడ ఉన్న తోట ఒకటుంది. సుమారు 125 ఎకరాలు. ఒకప్పుడు సన్యాసుల మఠానిది. 1789 విప్లవం తరువాత చేతులు మారి, అమ్మకాలూ పంపకాలూ అయి, ఇప్పుడు ఎనభైమంది దాకా యజమానులున్నారు. గోడ ఒకటే, ద్రాక్ష ఒకటే, పంట ఏడూ ఒకటే. అయినా ఎవరి సీసా రుచి వారిదే. ఏళ్ళ తరబడి నిలవచేసి, పక్కపక్కన పెట్టి రుచులు పోల్చుకోవడం వాళ్ళకో ముచ్చట. తాగి చెబుతున్నాననుకునేరు! మా మేనల్లుడిచ్చిన పుస్తకంలో చదివి చెబుతున్నాను.

చదువుతూంటే నాకు మా నిమ్మాడ అటక గుర్తొచ్చింది.

మా పుట్టింటివారికి ఉద్దానంలో మామిడితోట ఉండేది. తాతగారి తరువాత పెదనాన్న, నాన్న, చిన్నాన్న మూడు వాటాలు వేసుకున్నారు. నాటుకాయలు, నౌపడ ఉప్పు, నువ్వులనూనె... ముగ్గురు తోడికోడళ్ళకీ సరుకంతా ఒకటే. కాని చేయి ఒకటి కాదు. పెద్దమ్మ చేతికి ఉప్పు ఎక్కువ. అమ్మ ఆవపిండి దగ్గర ధారాళం. పిన్ని రెండు వేళ్ళ మందాన నూనె తేలితేగాని వాసెన కట్టేది కాదు.

మొదటి నెలలో ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వచ్చేది అమ్మ దగ్గరికే. ముక్కుకెక్కే ఆ ఘాటు అలాంటిది. పెద్దమ్మ ఆవకాయ ఎవరూ అడిగేవారు కాదు. “ఏటప్పా, సముద్రం మొత్తం జాడీలోకి దింపేసినావా?” అని పెదనాన్నే వేళాకోళం చేసేవాడు. ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు. మరుసటి ఏడు మళ్ళీ అంతే ఉప్పు వేసేది.

2018 వేసవిలో కూడా ముగ్గురూ మూడు జాడీలు పెట్టారు. ఆ అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! కొబ్బరి, జీడి, పనస, మామిడి అని చూడకుండా ఉద్దానాన్ని పడగొట్టింది. మా తోటలో ఒక్క చెట్టూ మిగల్లేదు. రెండేళ్ళు తిరక్కుండా పెద్దమ్మా పోయింది.

2021లో అటక దులుపుతూంటే ఆ మూడు జాడీలూ కిందికి దిగాయి. వేడన్నంలో నెయ్యైనా వేసుకోకుండా, మధ్యమధ్య మజ్జిగ పుక్కిలిస్తూ, ఒక్కొక్కటీ కలుపుకున్నాం. అమ్మ ఆవకాయలో ఘాటు పేరుకైనా లేదు. ఆవఘాటు గాలికి ఎగిరిపోయే గుణం కలది, మూడేళ్ళు నిలవదు. ముక్క కూడా మెత్తబడిపోయింది. పిన్నిదాని ఎరుపు ఇంకా తగ్గలేదు, నూనె గాలిని లోపలికి రానియ్యలేదు గనక. అయితే మెంతి చేదు ముందుకొచ్చింది. పెద్దమ్మది రంగు నల్లబడింది. ముక్క టెంకని అంటిపెట్టుకుని గట్టిగా ఉంది. ఉప్పు, పులుపు, కారం ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయాయి.

మాలో ఎవ్వరూ మాట్లాడలేదు. చివరికి పిన్నే అంది: “అక్క ఉప్పెందుకంతేసీదో ఇప్పుడు తెలిసినాది.”

ముక్కలోని నీటిని బయటికి లాగి, చెడనియ్యకుండా కాపాడేది ఆ ఉప్పే. మేము నెల తిరక్కుండానే తీర్పు చెప్పేశాం. ఆవిడ మూడో ఏటి కోసం పెట్టుకుంది. ఎంత ఉప్పని అడిగి రాసుకున్నవాళ్ళు మాత్రం ఇంట్లో ఒక్కరూ లేరు. కొలత ఆవిడ గుప్పిట్లోనే ఉండేది, ఆ గుప్పిటతోనే పోయింది.

మిగిలిన సగం జాడీ గురించి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. దాచాలని పిన్ని, తినేయాలని అమ్మ. నాది అమ్మ పక్షమే. ఎంత గొప్ప వైన్‌కైనా ఒక వయసు దాటితే రుచి దిగిపోతుందట. ఆవకాయ అంతకన్నా ఓర్చుకుంటుందని నేననుకోను. పెద్దమ్మ దాన్ని పటం కట్టుకోవడానికి పెట్టలేదు కదా.

అన్నట్టు, ఆ సీసాల మీద చేసినవారి పేరూ పంట ఏడూ అచ్చువేసి ఉంటాయి. మన జాడీలకి వాసెనగుడ్డే తప్ప పేరేదీ? ఈ వేసవిలో మీ అత్తగారో అమ్మగారో ఆవకాయ కలుపుతూంటే పక్కన కూర్చోండి. ఆవిడ గుప్పిట జాడీలోకి వెళ్ళేముందు ఒక్కసారి తవ్వలోకి ఒంపించండి. కసురుకుంటారనుకోండి. అయినా సరే, కొలిచి రాసిపెట్టుకోండి!