అర్ధరాత్రి తలుపు కొట్టేది ఎవరు?

మంచిర్యాలలో రైలు దిగి ఆటో ఎక్కితే రామకృష్ణాపూర్‌కి అరగంట. చిన్నప్పుడైతే క్యాతనపల్లి గేటు దగ్గర బొగ్గు బండి పోయేదాకా నిలబడి, పెట్టెలు లెక్కపెట్టుకుంటూ ఆ అరగంటను గంట చేసుకునేవాళ్లం. మొన్న దసరాకి వెళ్లినప్పుడు నేను లెక్కపెట్టింది పెట్టెలు కాదు, ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీటులో గళ్లు. ఆ షీటు పేరు 'బావ తుపాకీ'.

అక్కా బావా డల్లాస్ పక్కన ఉంటారు. సెప్టెంబర్‌లో వాళ్లకి రెండిళ్ల అవతల దొంగలు పడ్డారు. వెనకవైపు అద్దం తలుపు పగలగొట్టి బంగారం ఎత్తుకుపోయారు. ఆ రాత్రి నుంచి బావకి నిద్ర లేదు. "పొట్టి షాట్‌గన్ తీసుకోవాల్నా, కార్బైన్ తీసుకోవాల్నా? ల్యాప్‌టాప్ కొనేటప్పుడు పోలుస్తవు గదా, అట్ల పోల్చి చెప్పు" అన్నాడు. వెనక నుంచి అక్క గొంతు: "ఏదీ వద్దని చెప్పురా వాడికి." మధ్యలో నాలుగేళ్ల అల్లుడు ఏదో పాట పాడుతున్నాడు.

సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ముందు పోల్చడమే చేశాను. షాట్‌గన్ అంటే మనవాళ్లకి తెలిసిన 12 బోర్ తుపాకీయే. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం. అందుకే ఆ పేరు. ఒక్క తూటాలో ఎనిమిదో తొమ్మిదో పెద్ద గుండ్లు ఉంటాయి. 'గురి చూడక్కర్లేదు, అటు తిప్పి పేలిస్తే చాలు' అని చాలామంది నమ్ముతారు. అది తప్పు. గది దూరంలో ఆ గుండ్లు అరచేతి వెడల్పుకి మించి పెద్దగా పరుచుకోవు. భుజానికి గట్టిగా తంతుంది. ఐదడుగుల మా అక్క దాన్ని చీకట్లో, భయంలో పట్టుకోవడం కష్టం.

కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. ఒకప్పుడు గుర్రపు సైనికుల కోసం పుట్టింది. తన్నడం తక్కువ, తూటాలు ఎక్కువ, గురి సులువు. ఆ గళ్లలో కార్బైనే గెలిచింది. కానీ నేను ఇంకో గడి పెట్టాను: 'గోడ'. అమెరికాలో ఇళ్ల లోపలి గోడలు చాలావరకు చెక్క ఫ్రేముకి జిప్సం షీట్లు కొట్టినవి. మనిషిని ఆపగలిగిన ఏ తూటానైనా ఆ గోడ ఆపలేదు. బావ పడకగది గోడకి అవతల అల్లుడి గది. ఆ గడిలో రెండింటికీ ఒకే మార్కు వచ్చింది.

ఆ మార్కు దగ్గర ఆగిపోయి ఊరొచ్చాను.

మా క్వార్టర్‌లో రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న ఖాళీ జాగా, అందులో ఒక జామచెట్టు. ఇటుక గోడలు. తూటా సంగతేమోగాని, పక్కింటి టీవీ మాత్రం ఆ గోడల్లోంచి స్పష్టంగా వినపడుతుంది. దసరా ముందు సింగరేణి కార్మికులకి లాభాల వాటా పడుతుంది. లైన్లో కొత్త బండ్లు, కొత్త టీవీలు దిగుతాయి. దాంతోపాటు తాళాలేసిన క్వార్టర్లలో దొంగతనాలూ మొదలవుతాయి. ఎవరైనా ఊరికి పోతుంటే ఎదురింటికి చెప్పి, రాత్రి బయటి లైటు వేయమని తాళంచెవి ఇచ్చి పోవడం మా దగ్గర రివాజు. ఇంటి కాపలా అంటే మాకు తెలిసింది అదీ, లైన్లో తిరిగే రెండు కుక్కలూ.

తుపాకీ ఉన్న మనిషి మా లైన్లో ఒక్కడే, ఎదురింటి కాక. మిలిటరీలో చేసి వచ్చి, డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు తీసుకుని, ఒక బ్యాంకు దగ్గర గార్డుగా ఏళ్లకేళ్లు నిలబడ్డాడు. పొద్దున చాయ్ తాగుతూ బావ సంగతి చెప్పాను.

"పొట్టిదా? మన దగ్గర పొట్టిది ఇయ్యనే ఇయ్యరు బిడ్డా" అన్నాడు.

నిజమే. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఆత్మరక్షణకో క్రీడకో ఇచ్చే నున్నటి గొట్టం తుపాకీకి కనీసం 20 అంగుళాల గొట్టం ఉండాలని రాసి ఉంది. ఉన్న గొట్టాన్ని కోసి పొట్టిది చేయాలంటే అనుమతి లేకుండా కుదరదు. అమెరికాలో చట్టం షాట్‌గన్‌కి 18 అంగుళాలు, రైఫిల్‌కి 16 అంగుళాలు హద్దు పెట్టింది. అంతకంటే పొట్టివి కావాలంటే ప్రత్యేకంగా నమోదు చేయించుకోవాలి. అంటే బావ చెప్పే 'పొట్టి షాట్‌గన్' అక్కడి దుకాణంలో మామూలుగా దొరికే 18 అంగుళాలదే. ఇక కార్బైన్‌ని మనం చూసేది పోలీసు భుజం మీదే.

మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలు రెండూ రామగుండం పోలీస్ కమిషనరేట్ కిందికి వస్తాయి. లైసెన్సు కావాలంటే అక్కడికే పోవాలి. ఎందుకు కావాలో చెప్పాలి, పోలీసులు విచారణ చేస్తారు. 2019 సవరణతో ఒక మనిషికి ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. బావకి ఇదంతా చెబితే నవ్వుతాడు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి, దుకాణంలో ఫారం నింపి, చెకింగ్ అయ్యాక తెచ్చుకోవచ్చు. అదే వర్క్ వీసా మీద ఉన్నవాళ్లయితే వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చాలామంది మనవాళ్లకి ఈ సంగతి తెలియదు.

"కాకా, డ్యూటీల ఎన్నిసార్లు పేల్చినవ్?"

"ఒక్కసారి గూడ లే. రోజూ తుడుసుడు, మొయ్యుడు. ఇంటికి తెచ్చినంక తుపాకి ఒక పెట్టెల, తూటాలు ఇంకో పెట్టెల. తాళాలు నా మొలతాడుకు. మా పిల్లలు పెద్దగయ్యేదాక నాకు దొంగల భయం లేదు, ఆ పెట్టె భయమే."

"మరి రాత్రి దొంగొస్తే?"

"రెండు పెట్టెలు తెరిచేసరికి దొంగ బెల్లంపల్లి దాటిపోతడు" అని నవ్వాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షిఫ్టు నుంచి వచ్చే బండ్ల చప్పుడు వినిపిస్తోంది. నా చిన్నతనమంతా ఆ చప్పుళ్లే. బాపు రెండో షిఫ్టు చేస్తే ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. లైన్లో కరెంటు లేని రాత్రి, ఒళ్లంతా బొగ్గుమసితో, టోపీ చేతిలో పట్టుకుని తలుపు కొట్టే నల్లటి మనిషిని ఊహించుకోండి. ఆయన మా బాపు. ఒకసారి తలుపు తీయకపోతే వెనక గోడ దూకి వచ్చాడు కూడా. మా ఊళ్లో వేలమంది ఇళ్లకి అలాగే వచ్చారు. అర్ధరాత్రి తలుపు కొట్టేవాడు మాకు దొంగ కాదు, అన్నం తినాల్సిన మనిషి.

భయం లేని ఊరని కాదు. మా అమ్మ వాళ్ల వయసు వాళ్లని అడిగితే బొగ్గుబాయిల ఊళ్లలో ఎనభైలు, తొంభైల రాత్రుల గురించి చెబుతారు. తలుపు కొడితే అన్నలా పోలీసులా అని ఊపిరి బిగబట్టిన రాత్రులు. ఆ రోజుల్లో పల్లెల్లో దొరల ఇళ్లల్లో లైసెన్సు తుపాకులు ఉండేవి. దళాలు ముందు అడిగింది వాటినే. కాపాడుతుందనుకున్న తుపాకీయే ఇంటికి దారి చూపించింది.

తెల్లారి బావకి ఫోన్ చేశాను. షీటు పంపలేదు, మాట్లాడాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథెలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పటి నుంచి బావకి ఈ ఆలోచన ఉందని నాకు తెలుసు. కానీ ఆ ఘటన జరిగింది ఒక బార్‌లో. ఇంట్లో బీరువాలో ఉన్న ఏ తుపాకీ అయినా అక్కడ ఏం చేసేది? 2024 నవంబర్‌లో అట్లాంటాలో మన తెలంగాణ పిల్లవాడొకడు తన పుట్టినరోజు నాడే, సొంత వేట తుపాకీ తుడుస్తుంటే పేలి చనిపోయాడు. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన కూడా చెప్పాను: తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం లేని ఇంటికంటే సుమారు 2.7 రెట్లు ఎక్కువ అని తేలింది. చంపింది ఎక్కువగా ఇంటివాళ్లో, తెలిసినవాళ్లో.

"అయితే వద్దంటవా?" అన్నాడు బావ.

"నీ ఇల్లు, నీ భయం బావా. నేను డల్లాస్‌లో పడుకుంటలేను. కొంటే మాత్రం ముందు సేఫ్ కొను. వెనక అద్దం తలుపుకి గట్టి ఫిల్మ్ వేయించు, లైటు పెట్టించు, బంగారం లాకర్‌లో పెట్టు. రేంజ్‌కి అక్కని కూడా తీసుకుపో, ఇద్దరికీ చేతకాని తుపాకీ ఇంట్లో వద్దు. ఇంకో మాట. రాత్రి చప్పుడైతే నువ్వు పోవాల్సింది దొంగ దగ్గరికి కాదు, వాడి గదికి. తలుపేసుకుని 911కి ఫోన్ చేయి."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మొన్న రాత్రి కిచెన్ల చప్పుడైతే బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని పోయిన్రా" అన్నాడు. "వాడే. ఫ్రిజ్ తెరిచి జ్యూస్ తాగుతున్నడు. చీకట్ల తల గూడ కనపడలే."

ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణం రోజు బాపు బస్టాండు దాకా వచ్చాడు. రిటైరై ఆరేళ్లయినా రాత్రి షిఫ్టు మారే వేళకి ఆయనకి మెలకువ వస్తుంది, లేచి ఒకసారి గొళ్లెం చూసి పడుకుంటాడు. దొంగల భయమా అని అడిగాను. "కాదురా, లోపల గడియ పడిందేమోనని చూస్త. ఎవలన్న వస్తే తియ్యాలె గద" అన్నాడు.

నిన్న అక్క మెసేజ్ పెట్టింది. వెనక తలుపుకి ఫిల్మ్ వేయించారట, సేఫ్ వచ్చిందట. ఇప్పటికి అందులో పాస్‌పోర్టులే ఉన్నాయట.