ఆగిన కథ, గడియారాల పట్టిక

పిల్లలూ, మా మనుమడు అమెరికాలో న్యూజెర్సీలో వుంటాడు. చలికాలమంతా తెల్లవారి ఆరున్నరకు నేను ఫోనులో వాడికి కథ చెప్పేవాణ్ణి. అప్పుడు అక్కడ రాత్రి ఎనిమిది. ఒక మార్చి నెలలో కథ సగంలో వుండగా, మర్నాడు ఫోను చేస్తే, వాడు నాకోసం చూసి చూసి నిద్రపోయాడట!

"ఇక్కడ తొమ్మిదయింది నాన్నా! ఇవాళ తెల్లవారుజామున గడియారాలు గంట ముందుకు జరిపారు కదా!" అన్నది మా అమ్మాయి.

వేసవిలో సాయంకాలపు వెలుగు ఎక్కువసేపు వుండాలని అక్కడ అలా చేస్తారు. మా గోడగడియారానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కాని నా సెల్‌ఫోనులో న్యూయార్కు టైము సరిగానే వుంది. దానికెవరు చెప్పారు?

విచారిస్తే, దీని వెనుక ఒక పట్టిక వుందని తెలిసింది. ఏ దేశంలో గడియారం ఎప్పుడు మారుతుందో, పూర్వం ఎప్పుడు మారిందో అందులో వుంటుంది. 1980లలో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఆయన అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థలో ఉద్యోగి. 2005లో ఆ బాధ్యత కాలిఫోర్నియాలోని పాల్ ఎగర్ట్ అనే కంప్యూటరు శాస్త్రవేత్తకు వచ్చింది. పట్టికను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే వ్రాసి పంపవచ్చు. అలా పంపేవాళ్లు దేశదేశాల్లో వున్నారు. మన దేశం సంగతి చూస్తే, 1942 నుంచి 1945 వరకు మన గడియారాలు గంట ముందుండేవని వుంది. మా నాన్నగారు చెప్పే "యుద్ధపు టైము" ఇదేనన్నమాట!

2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం, గడియారాలు మార్చే వేళకు రెండు మూడు రోజుల ముందు, "రంజాన్ అయ్యాక మారుద్దాం" అన్నది. పట్టికవాళ్లు హడావిడిగా దిద్దారు. కాని ఆ దేశంలో చాలామంది ఒప్పుకోలేదు. ఒకే వూళ్లో రెండు టైములు! కొద్దిరోజులకే ప్రభుత్వం వెనక్కు తగ్గింది. పట్టికను మళ్లీ దిద్దారు.

ఇంత చేస్తే వాళ్లకు దక్కిందేమిటి? 2011లో, జాతకాల ప్రోగ్రాములు అమ్మే ఒక కంపెనీ ఓల్సన్, ఎగర్ట్‌ల మీద దావా వేసింది. పాతకాలపు టైములు తమ సొత్తట! పట్టిక వుండే చోటు మూతపడింది. అప్పుడు, ఇంటర్నెట్టు పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ ముందుకు వచ్చి, కొద్దిరోజుల్లోనే పట్టికను తన దగ్గర పెట్టుకున్నది. మరుసటి ఏడు, జరిగిన సంగతులు ఎవరి సొత్తూ కావని ఒప్పుకుని ఆ కంపెనీ దావా మానుకున్నది.

ఇదంతా మనుమడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అది సరే తాతయ్యా, ఆ రోజు ఆగిన కథ?" అన్నాడు.

ఇప్పుడు మార్చి వస్తే ఫోనులో న్యూయార్కు టైము చూసుకుని, అయిదున్నరకే కథ మొదలుపెడుతున్నాను.