టర్బో ఇంజిన్‌ను ఇంట్లో విప్పి బిగించడం

స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో కార్లలో నడిచిన ఫియట్ 1.3 మల్టీజెట్ 1248 సీసీల నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్. విప్పేటప్పుడు ప్రతి భాగానికీ గుర్తు పెట్టాలి. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే సరిపోతుంది. హెడ్డు దించాక వంపు చూడాలి. బోరు అరుగుదల పైభాగంలో ఎక్కువ కాబట్టి వేర్వేరు ఎత్తుల్లో, రెండు దిశల్లో కొలవాలి. బోరింగు మాత్రం లేత్ షాపుకే వదలాలి.

అసలు జాగ్రత్త టర్బో దగ్గర. దాని షాఫ్టు పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. వేలితో కదిపితే పక్కలకు కాస్త ఆడడం సహజమే. ముందుకూ వెనక్కూ ఆడినా, చక్రం కేసింగుకు రాసుకున్నా కార్ట్రిడ్జ్ మార్చాల్సిందే. ఆయిల్ తెచ్చే సన్నని పైపులో మసి గడ్డకట్టి ఉంటే ఎంత ఖరీదైన కొత్త టర్బో అయినా నిలవదు. చాలామంది ఈ చిన్న పైపునే పట్టించుకోరు, అదే బాధ. సంపులోని జల్లెడనూ శుభ్రం చేయాలి. పాత టర్బో పాడైనప్పుడు ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ చేరుతుంది. దాన్ని కడగకపోతే ఆ ఆయిలే ఇంధనంలా మండి, తాళం తిప్పినా ఇంజిన్ ఆగకుండా పరిగెత్తే ప్రమాదం ఉంది.

బిగింపులో హెడ్డు బోల్టులు, గ్యాస్కెట్ కొత్తవే వాడాలి. టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పిన వరుసలో బిగించి, ఆపై డిగ్రీల లెక్కన తిప్పాలి. టైమింగ్ చైనును లాకింగ్ పిన్నులు పెట్టే అమర్చాలి. చివరగా టర్బోలో ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. స్టార్టు చేయడం ఆ తర్వాతే.