గొంతు దొరకదు

2016 మార్చి 14, సోమవారం

అత్తింట్లో చనిపోయిన అమ్మాయి లాప్‌టాప్ మా ల్యాబుకి వచ్చింది. లక్క సీలు నమూనాతో సరిపోల్చుకుని గుడ్డ సంచి విప్పాను. మీటల సందుల్లో ఎండిపోయిన కుంకుమ. హార్డ్‌డిస్కు తీసి, దాని మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్‌కి తగిలించి నకలు మొదలుపెట్టాను.

కానిస్టేబుల్ వెంట ఆ అమ్మాయి నాన్న కూడా వచ్చాడు. వరండాలో నన్ను ఆపి, “ఆ రాత్రి స్కైప్‌లో నాతో ముప్పావుగంట మాట్లాడింది మేడమ్. ఏడుస్తూ అన్నీ చెప్పింది. అందులో ఉంటుంది కదా?” అన్నాడు. జవాబు తెలిసీ చెప్పలేకపోయాను.

మార్చి 15

నకలు హాష్ అసలు డిస్కు హాష్‌తో సరిపోయింది. స్కైప్ తన లెక్కలన్నీ మెయిన్.డీబీ అనే ఫైలులో దాచుకుంటుంది. కాల్ అయితే ఎవరు చేశారు, ఎప్పుడు, ఎన్ని సెకన్లు, అంతే. గొంతు డిస్కు మీదికి రాదు. ఆ కాల్ 2,791 సెకన్లు. మొదలైన సమయం 1455037812, అంటే 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. అలాగే మారిస్తే గ్రీనిచ్ టైములో ఫిబ్రవరి 9 సాయంత్రం 5:10. మన టైముకి ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 10:40. రిపోర్టులో రెండూ రాయాలి. ఒకసారి ఈ తేడా విడమరచి రాయనందుకు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో గంటసేపు నిలబడ్డాను. ఈ పిల్ల విషయంలో అలా జరగనివ్వను.

మార్చి 18

అదే ఫైలులో తుడిచేసిన మెసేజీ అప్పుడే పోదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది, ఇంకోటి వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం అలాంటి ఖాళీ పేజీలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనిపించింది: ‘నాన్నా రేపు బస్సు’. ఆ పక్కనుంచి వేరే రికార్డు పడి మిగతాది పోయింది. ఏ రోజుదో, పంపిందో లేదో, ఎవరు తుడిచారో తెలియదు. తర్వాతి మాట ఏమై ఉంటుందో నా మనసు పదేపదే పూరిస్తోంది. రిపోర్టులో మాత్రం మూడు మాటలే.

మార్చి 22

సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అది లేకపోతే ఈ ప్రింట్లను కోర్టు తీసుకోదు. సాయంత్రం కానిస్టేబుల్‌తో ఆ పిల్ల నాన్న మళ్ళీ వచ్చాడు.

“స్కైప్ గొంతు దాచదండీ,” అన్నాను.

“మాట్లాడినట్టైనా ఉందా?”

“అది కోర్టుకే చెప్పాలండీ.”

సంచి మీది సీలు తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.