పెద్దబిడ్డ రక్తం

గూడూరు నుంచి మావాళ్లెవరైనా ఫోన్ చేస్తే, పరీక్షకు బిడ్డ రక్తాన్ని రాత్రి నారాయణాద్రి రైల్లో తెమ్మంటాను. మే నెల ఎండలో పగటి ప్రయాణం చేస్తే తెల్లకణాల్లోని ఎంజైములు దారిలోనే నీరసిస్తాయి. అందుకే హైదరాబాదులో మా ల్యాబ్‌కు పచ్చమూత హెపారిన్ ట్యూబు చేరగానే, అనుమానం ఉన్న ఎంజైముతో పాటు ఆ జబ్బుతో సంబంధం లేని మరో ఎంజైమునూ కొలుస్తాం. రెండూ తగ్గితే రక్తం చెడిందన్నమాట. మొదటిది ఒక్కటే తగ్గితే చెడ్డ కబురు.

నేను పనిచేసేది లైసోజోముల జబ్బుల మీద. కణంలో అరిగిపోయిన కొవ్వుల్నీ చక్కెర గొలుసుల్నీ తుంచే సంచులివి. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ బృందం వీటిని బయటపెట్టింది. తుంచాల్సిన ఎంజైము ఒక్కటి లేకున్నా ఆ సరుకు పేరుకుంటుంది. గోషే జబ్బులో ప్లీహం ఉబ్బుతుంది. నన్ను వదలనిది మాత్రం మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ. మేం ఎంఎల్‌డీ అంటాం. నడక నేర్చిన బిడ్డ తూలుతుంది, పడుతుంది, తర్వాత మాట కూడా పోతుంది. నరాల మీది తొడుగు కరిగిపోతుంది మరి.

ఈ జబ్బులకు జన్యుచికిత్స అచ్చొస్తుందని నమ్మడానికి కారణం 1968 నాటి ప్రయోగం. ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు జబ్బులున్న పిల్లల కణాల్ని ఒకే పాత్రలో పెంచింది. రెండూ బాగుపడ్డాయి! ఒక కణం వదిలిన ఎంజైమును పక్క కణం లోపలికి తీసుకుంది. కాబట్టి ఒంట్లోని ప్రతి కణానికీ జన్యువు చేర్చనక్కర్లేదు, కొన్నింటికి చేరితే చాలు. ఎంజైమును సెలైన్‌లో ఎక్కిస్తే మెదడు దాకా పోదు. అందుకే ఎంఎల్‌డీ చికిత్సలో బిడ్డ సొంత మూలకణాల్ని బయటికి తీసి, లెంటీవైరస్‌తో మంచి జన్యువు చేర్చి తిరిగి ఎక్కిస్తారు. వాటి సంతానంలో కొన్ని కణాలు మెదడులో కాపురం పెట్టి అక్కడే ఎంజైమును తయారుచేస్తాయి. దీనికి యూరప్ 2020లో, అమెరికా 2024లో అనుమతిచ్చాయి.

అయితే చిన్నపిల్లల్లో వచ్చే రకానికి లక్షణాలు కనబడకముందే ఇవ్వాలి. కనబడకముందు ఎవరికి తెలుస్తుంది? మన దగ్గర ఇంట్లో పెద్దబిడ్డకు జబ్బని తేలితేనే చిన్నబిడ్డను పరీక్షిస్తారు. ఇది నాకు మింగుడుపడని లెక్క.

మా వైపు మేనరికాలు ఎక్కువ. "ఇంటిపిల్లను బయటికెందుకు పంపాలని మా తమ్ముడికే ఇచ్చినాం మేడమ్, తప్పంటారా?" అని ఒక అమ్మమ్మ అడిగింది. "తప్పొప్పుల మాట కాదమ్మా, ఇద్దరిలోనూ ఒకే లోపం దాగుంది, ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు ప్రమాదం" అన్నాను. ఆమె భిన్నాలను పట్టించుకోలేదు. ఒళ్లోని చిన్నదాన్ని ముందుకు జరిపి, "దీనికీ చూడండి" అంది. ఆ అడిగిన తీరే సరైన వైద్యం అనిపించింది నాకు.

చూడటం కూడా తేలిక కాదు. పరీక్షలో ఎంజైముంటే చివర్లో క్షారం పోయగానే ఎరుపు తేలాలి. తేలలేదని జబ్బు రాసెయ్యకూడదు. ఎంజైము తక్కువగా ఉన్నా జీవితమంతా నిక్షేపంగా ఉండేవాళ్లున్నారు. మూత్రంలో సల్ఫటైడ్ కొలిచి, జన్యువు చదివాకే సంతకం పెడతాను. కుటుంబాలు తొందరపెడతాయి, నేను లొంగను.

ఇక డబ్బు. అమెరికాలో 2024లో ఆ మందుకు పెట్టిన ధర 42.5 లక్షల డాలర్లు. మన అరుదైన జబ్బుల విధానం 2021లో వచ్చింది, మరుసటి ఏడు సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచారు. రెంటి మధ్య దూరం చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. కానీ వేలూరు సీఎంసీ బృందం హీమోఫీలియా-ఏ ఉన్న అయిదుగురికి ఇదే తరహాలో లెంటీవైరస్ చికిత్స చేసి, ఫలితాల్ని 2024 డిసెంబరులో ప్రకటించింది. గూడూరు వాళ్లు పెద్ద జబ్బొస్తే రైలెక్కి కాట్పాడిలో దిగి వెళ్లే ఆ ఊళ్లోనే! మూలకణాలు తీయడం, జన్యువు చేర్చడం, తిరిగి ఎక్కించడం ఇక్కడ చేతనైన పనులే. ఎంఎల్‌డీకి ఆ మందు ఇక్కడే తయారవ్వాలని నా పట్టు.

అప్పటిదాకా మా పని పెద్దబిడ్డ డీఎన్‌ఏలో లోపం ఎక్కడుందో అక్షరం తప్పకుండా పట్టి ఉంచడం. అది చేతిలో ఉంటే తల్లి మళ్లీ నెల తప్పినప్పుడు పదకొండో వారం దాటాక మాయ ముక్కతో చెప్పగలం. పుట్టిన బిడ్డకైతే బొడ్డుతాడు రక్తం చాలు.