రసీదు

పన్ను అన్న మాట చెవిని పడగానే మనస్సు కొంత ముడుచుకొనుట మానవ సహజం. తెలుగునాట పన్నుల భాషలో చాలా భాగం ఉర్దూ ద్వారా మనకు చేరినదే. వసూలు, బాకీ, కిస్తు, జప్తు, ఖజానా, తహసీల్దారు, రసీదు - ఈ మాటలకు పల్లెలో నిఘంటువు అక్కరలేదు. వీనిలో ఇచ్చినవాని పక్షాన నిలిచేది రసీదు ఒక్కటే. తక్కినవన్నీ పుచ్చుకొనేవాని మాటలు. మేము చెప్పదలచినదంతా ఆ ఒక్క మాటను గూర్చియే.

పూర్వం పల్లెకు పన్ను కబురు దండోరాతో వచ్చేది. నేడు అది చేతిలోని సెల్‌ఫోనులో మ్రోగుతున్నది. 2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించింది. ఆస్తిపన్ను చెల్లింపునకు కూడా అందులో చోటు కలదు. అంతకు ముందు, 2024 నవంబరులో, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు విదేశాలలో ఆస్తులున్నవారికి ఎస్సెమ్మెస్సులు, ఈమెయిళ్ళు పంపి, రిటర్నులను సరిచూసుకొమ్మని గుర్తుచేసింది. 24,678 మంది తమ రిటర్నులను తామే సవరించుకొన్నారు. 29,208 కోట్ల రూపాయల విదేశీ ఆస్తులు వెల్లడైనవి. తలుపు తట్టకుండనే మాట పనిచేసినది. అయితే ఆ మాట వెనుక ‘మీ వివరాలు మాకు తెలుసు’నన్న హెచ్చరిక కూడా ఉన్నది. ఇష్టంతో ఇచ్చే పన్నుకు అంతకంటె గట్టి పునాది కావాలి.

మాట పన్నును ఇప్పించగలదు, మాన్పించనూ గలదు. 1921లో చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘమూ దాని పన్నుల భారమూ తమకు వద్దని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరం నిర్మించుకొని నెలల తరబడి నివసించారు. వారికి సెల్‌ఫోను లేదు; రామదండు కార్యకర్తల నోటిమాటే చాలినది. వారు పిసినారులై అట్లు చేయలేదు. తమ సమ్మతి లేక పడిన పన్నును తమదిగా భావింపలేకపోయారు.

మా మంగంపేటలో ఈ ప్రశ్న మరింత పదునైనది. ఇక్కడి ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్దవానిలో ఒకటి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించినది. ఆ రాయి పొడియై చమురు బావుల త్రవ్వకానికి దేశదేశాలకు పోతుంది; లారీల దుమ్ము మా గడపలపై మిగులుతుంది. ఇంటిపన్ను అడిగితే, “మా నేల కోట్లు ఇస్తున్నది, ఇంకా మేమేమి ఇవ్వాలి?” అంటారు పెద్దలు. ఆ మాటను ఉపన్యాసంతో త్రోసివేయలేము. లెక్కతోనే జవాబు చెప్పాలి. రాయిపై రాయల్టీ ప్రభుత్వానిది. 2015 చట్టసవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి గనుల ప్రభావిత ప్రాంతాల మేలుకు ఉద్దేశించినది. ఇంటిపన్ను మాత్రం పంచాయతీది. వీధిదీపానికి, కుళాయి నీటికి, మురుగు కాలువకు అది ఆసరా. ఈ మూడింటినీ విడివిడిగా చూపితే తప్ప ఆ ప్రశ్న చల్లారదు.

బాకీదారుల పేర్లను వాట్సాప్ గ్రూపులో పెడితే చాలునని కొందరంటారు. మేము అంగీకరింపము. ఆ జాబితాలో కువైటుకు పోయిన కొడుకు నుండి డబ్బు రాని తల్లి ఉండవచ్చు. కూలి దొరకని ఇల్లు ఉండవచ్చు. సిగ్గుపడి చెల్లించినవాడు మరుసటి ఏడు గ్రూపునే విడిచిపోతాడు. పేర్లకు బదులు పనులు పెట్టాలి: ఈ నెల వసూలైనది ఇంత, మోటారు మరమ్మతుకు ఇంత, నిలువ ఇంత. క్రింద ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు రావాలి. దండోరాకు బదులు చెప్పే వీలు లేదు, ఫోనుకు ఉన్నది. ఈ సాధనం విలువంతా అక్కడే.

చదువుకొన్న మనము ఇందుకు పనికివస్తాము. పంచాయతీ లెక్కను అడిగి తెచ్చి, తెలుగులోను ఉర్దూలోను నాలుగు వాక్యాలుగా వ్రాయగలము. చదువురాని అవ్వలకు, దాదీలకు మన గొంతుతో పలికి పంపగలము. వెలిగిన వీధిదీపం ఫొటో క్రింద దానికైన ఖర్చు వ్రాసి ఉంటే, అదియు రసీదే. అట్టి రసీదు ఇంటింటికీ అందిన ఊరిలో పన్ను అడిగేవాడు గడప వద్ద ఎక్కువసేపు నిలబడవలసిన పని ఉండదు.